‘నా మాటే ఆడికి ఇనపడ్డం నేదు’: 6జీ వేవ్‌ఫాం చర్చలకు వెళ్లే మన ఇంజినీర్లకు బహిరంగ లేఖ

ప్రపంచ మొబైల్ ప్రమాణాలు రాసే త్రీజీపీపీ, ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ సమావేశాలకు మన దేశం తరఫున వెళ్తున్న ఇంజినీర్లకు, ప్రొఫెసర్లకు నమస్కారం.

నేను డ్రైవ్ టెస్ట్ ఇంజినీరుని. పేరు గొప్పగానే ఉంటుంది. పని మాత్రం ఇది: బొలెరో వెనక సీట్లో కూర్చుని, ఒళ్లో లాప్‌టాప్, పక్కన వైర్లతో కట్టేసిన నాలుగు ఫోన్లు, బండి పైన జీపీఎస్ బిళ్ల పెట్టుకుని టవర్ చుట్టూ ఉన్న ఊళ్లన్నీ తిరగడం, ఎక్కడ సిగ్నల్ ఎంత ఉందో రికార్డు చేయడం. పన్నెండేళ్లుగా అదే చేస్తున్నాను. మీరు సమావేశాల్లో ఖాయం చేసే వేవ్‌ఫాం, అంటే డేటాను రేడియో అలల మీదికి ఎక్కించే తీరు, ఐదారేళ్ల తర్వాత నా ఒళ్లోకి వస్తుంది. అందుకే ఈ ఉత్తరం కొంచెం ముందుగా రాస్తున్నాను.

మూడేళ్ల కిందట ఒక వేసవిలో పాడేరు అవతల ఒక కొండ ఊరికి వెళ్లాను. అక్కడ కొత్త టవర్ పెట్టి నెల అయింది. ఊరికీ టవర్‌కీ మధ్య తిన్నగా గీత గీస్తే నాలుగున్నర కిలోమీటర్లు, నడుమ ఒక మిట్ట. నా ఫోన్లలో రెండు గీతలు వస్తున్నాయి. స్క్రీన్ మీద సిగ్నల్ మైనస్ 113 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, మైనస్ సంఖ్య పెరిగేకొద్దీ సిగ్నల్ సన్నగిల్లినట్టు). బాగుందని చెప్పలేం, పోయిందనీ చెప్పలేం. వీడియో ఆగి ఆగి ఆడుతోంది. చింతచెట్టు కింద ఒక మామ్మ ఫోను చెవికి నొక్కిపెట్టుకుని అరుస్తోంది. కొడుకు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాడట. నా వైర్లూ అవీ చూసి టవర్ మనిషినని కనిపెట్టేసింది. ‘‘బాబూ, ఆడి మాట నాకినపడతంది. నా మాటే ఆడికి ఇనపడ్డం నేదు’’ అంది.

లాప్‌టాప్‌లో చూస్తే సరిగ్గా అదే కనిపించింది. నా ఫోను పంపే పవర్ 23 దగ్గర అతుక్కుపోయి కదలడం లేదు. 23 డీబీఎం అంటే 200 మిల్లీవాట్లు. మామూలు ఫోనుకు ఉన్న గొంతే అంత. టవర్ మీది రేడియో పదుల వాట్లలో పలుకుతుంది, 5జీ పెద్ద యాంటెన్నాలైతే 200 వాట్ల దాకా కూడా. అంటే వెయ్యి రెట్ల తేడా. టవర్ వైపు యాంటెన్నాలు ఎక్కువ, రిసీవర్ మంచిది, ఫోను సన్నటి బ్యాండ్‌లోనే పంపుతుంది కాబట్టి ఆ తేడాలో కొంత పూడుతుంది. మొత్తం మాత్రం పూడదు. టవర్ అంచున ఉన్న ఊరిలో ముందు తెగిపోయేది ఎప్పుడూ ఫోను నుంచి టవర్‌కు వెళ్లే దారే. దాన్నే అప్‌లింక్ అంటాం, టవర్ నుంచి ఫోనుకు వచ్చేది డౌన్‌లింక్.

ఆ సాయంత్రం నేను పంపిన రిపోర్టులో ఆ ఊరు ‘కవర్డ్’ లెక్కలో పడింది. మైనస్ 115 దాకా కవరేజీ ఉన్నట్టే ఆ ప్రాజెక్టు లెక్క. ఆ లెక్కకు ఆధారం టవర్ నుంచి వచ్చే సిగ్నల్. వెళ్లేదాని సంగతి అందులో లేదు. రిమార్క్స్ గడిలో ‘అప్‌లింక్ వీక్’ అని రాశాను. ఆ గడి ఎవరూ చదవరని నాకూ తెలుసు.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను. 6జీ రేడియో అధ్యయనం మొదలైంది. ఆ తొలి సమావేశాల్లో ఒకటి 2025 ఆగస్టులో మన బెంగళూరులోనే జరిగింది. ఇప్పుడు 4జీ, 5జీల్లో నడుస్తున్న వేవ్‌ఫాం ఓఎఫ్‌డీఎం, దాని అప్‌లింక్ చెల్లెలు డీఎఫ్‌టీ-ఎస్-ఓఎఫ్‌డీఎం, ఈ రెండింటినే పునాదిగా తీసుకుని మాట్లాడుకుంటున్నారు. ఆ దారి నాకు నచ్చింది. ఎందుకు నచ్చిందో, ఆ దారిలో మీరు ఏది వదిలిపెట్టకూడదో చెప్పడానికే ఇదంతా.

మీకు తెలిసిందే అయినా, ఈ ఉత్తరం మా ఫీల్డ్ కుర్రాళ్లు కూడా చదువుతారు కాబట్టి ఓఎఫ్‌డీఎం గురించి రెండు ముక్కలు. వేగంగా పోయే ఒకే ఒక్క ప్రవాహంగా డేటా పంపితే, కొండకో మేడకో తగిలి ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వని వెనకొచ్చే అక్షరం మీద పడి చెరిపేస్తుంది. అందుకని ఆ ప్రవాహాన్ని వందల సన్నటి కాలవలుగా చీల్చి, ఒక్కో కాలవలో నెమ్మదిగా పారిస్తారు. అవే సబ్‌క్యారియర్లు. 1966లో బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ చాంగ్ ఈ ఆలోచన రాశాడు. 1971లో వైన్‌స్టీన్, ఎబర్ట్ దీన్ని ఫోరియర్ లెక్కతో చేయొచ్చని చూపించారు. 1980లో పెలెడ్, రూయిజ్ పంపే ప్రతి సిగ్నల్ ముక్క (సింబల్) తోక కొంచెం కత్తిరించి తల ముందు అతికించే చిట్కా కనిపెట్టారు. ఆ అతుకే సైక్లిక్ ప్రిఫిక్స్. ప్రతిధ్వనులు దాని మీద పడి పోతాయి, అసలు మాట బాగుంటుంది. 4జీలో ఆ అతుకు 4.7 మైక్రోసెకన్లు. అంటే తిన్నగా వచ్చిన సిగ్నల్ కన్నా 1.4 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని కూడా తట్టుకుంటుంది. మన 5జీ మిడ్‌బ్యాండ్‌లో సబ్‌క్యారియర్ వెడల్పు 30 కిలోహెర్ట్జ్ కాబట్టి అతుకూ సగమైంది, 700 మీటర్ల దాకానే ఆ రక్షణ. ఊళ్లో ఇది ఎక్కువే. లోయకు అటూ ఇటూ రాతి కొండలున్న చోట మాత్రం నాకు లోపల కొంచెం టెన్షన్‌గానే ఉంటుంది.

ఇక అసలు జబ్బు. పెళ్లి మేళం తెలుసు కదా. మంత్రాలు సాగుతున్నంతసేపూ మెల్లగా ఏదో వాయిస్తూ ఉంటారు. తాళి కట్టే క్షణం రాగానే పురోహితుడు చెయ్యి ఊపుతాడు, గట్టిమేళం! డోలు, సన్నాయి, తాళం అన్నీ ఒక్కసారే లేస్తాయి. మైక్‌సెట్టు కుర్రాడు తెలివైనవాడైతే ఆ క్షణం కోసం ముందు నుంచే వాల్యూమ్ తగ్గించి ఉంచుతాడు. లేదంటే బాక్సులు గరగరమంటాయి. ఓఎఫ్‌డీఎంలోనూ వందల సబ్‌క్యారియర్లు ఎవరి లయలో వారు ఊగుతుంటాయి. ఎప్పుడో ఒక క్షణం అన్నీ ఒకేసారి పైకి లేస్తాయి. చెయ్యి ఊపి చెప్పే పురోహితుడు కూడా ఇక్కడ లేడు. ఆ శిఖరం వచ్చినప్పుడు ఫోనులోని ఆంప్లిఫయర్ గరగరమంటే పక్క చానెళ్ల మీద చెత్త పడుతుంది, అందుకని ముందు నుంచే పవర్ తగ్గించుకుని పంపాలి. సగటు పవర్‌తో పోలిస్తే శిఖరం ఎంత ఎత్తో చెప్పే ఈ కొలతనే మీరు పీఏపీఆర్ అంటారు. టవర్ దగ్గర దీనికి పెద్ద ఆంప్లిఫయర్, పెద్ద ఫ్యాన్, పెద్ద కరెంటు బిల్లు పెట్టి నెట్టుకొస్తారు. ఫోనులో అవేవీ పెట్టలేం.

5జీ నిబంధనల్లోనే ఈ లెక్క రాసి ఉంది. మామూలు ఓఎఫ్‌డీఎంలో క్యూపీఎస్‌కే (ఒక్కో సింబల్‌కు రెండు బిట్లు) పద్ధతిలో పంపే ఫోను 3 డీబీ దాకా తగ్గించుకోవచ్చు. అంటే ఉన్న 200 మిల్లీవాట్లలో సగం. అదే డీఎఫ్‌టీ-ఎస్-ఓఎఫ్‌డీఎం అయితే 1 డీబీ చాలు. డేటాను సబ్‌క్యారియర్ల మీదికి ఎక్కించే ముందే ఒకసారి ఫోరియర్ మిల్లులో ఆడించడం వల్ల అది బయటికి ఒకే వాయిద్యంలా వినిపిస్తుంది, గట్టిమేళం తగ్గిపోతుంది. 2008లో 4జీ తొలి ప్రమాణం రాసినవాళ్లు అప్‌లింక్‌కు దీన్నే తీసుకున్నారు. వాళ్లకు ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

దానికన్నా ఒక మెట్టు కిందికి దిగి కండి వైపు వెళ్దాం. సంగారెడ్డి దగ్గర ఐఐటీ హైదరాబాద్ ఉన్న ఊరు కండి. అక్కడ ప్రొఫెసర్ కిరణ్ కూచి బృందం పట్టుబట్టి కూర్చున్న సంగతి ‘పై బై టూ బీపీఎస్‌కే’ (π/2 BPSK) అనే పంపే పద్ధతి. ఒక్కో సింబల్‌కు ఒక్క బిట్టే, ఒక్కో అడుగుకూ పావు చుట్టు తిరుగుతూ పోతుంది, పైగా స్పెక్ట్రమ్ అంచులను కొంచెం నున్నగా చెక్కుతారు. సిగ్నల్ ఎత్తుపల్లాలు దాదాపు చదునైపోతాయి. వేగం క్యూపీఎస్‌కేలో సగమే. కానీ ఆ చింతచెట్టు కింద మామ్మకు కావాల్సింది వేగం కాదు. పవర్ తగ్గించుకోవాల్సిన పనే లేకపోగా పెంచుకోవచ్చు కూడా. కొన్ని టీడీడీ బ్యాండ్లలో (పంపడం, అందుకోవడం ఒకే ఫ్రీక్వెన్సీ మీద వంతులవారీగా జరిగేవి), అప్‌లింక్‌కు 40 శాతానికి మించి సమయం వాడనప్పుడు, ఈ పద్ధతిలో పంపే మామూలు ఫోను 26 డీబీఎం దాకా వెళ్లొచ్చని 5జీ తొలి ప్రమాణంలోనే ఉంది. అంటే 400 మిల్లీవాట్లు, గొంతు రెట్టింపు. నేల మీద సిగ్నల్ దూరం నాలుగో ఘాతంతో తగ్గుతుందనుకుంటే 3 డీబీ అంటే దూరంలో దాదాపు ఐదో వంతు, విస్తీర్ణంలో 40 శాతం ఎక్కువ. నాలుగున్నర కిలోమీటర్ల దగ్గర తెగిపోయిన మాట ఐదుంపావు దాకా పోతుంది. నా ఉద్యోగంలో ఇంత పెద్ద బహుమతి ఇంకో టవర్ కట్టకుండా రావడం నేను చూడలేదు.

మరి ఎందుకు అందలేదు?

ఒకటి చిన్న తప్పు, చెప్పుకుంటే నవ్వొస్తుంది. తొలి ప్రమాణంలో డేటా సింబల్స్‌ను చదును చేశారు గానీ, వాటి మధ్య వచ్చే పైలట్ సింబల్స్‌ను (దారి ఎలా ఉందో టవర్ కొలుచుకోవడానికి పంపే, ముందే తెలిసిన గుర్తులను) పాత సీక్వెన్సులతోనే వదిలేశారు. వాటి శిఖరాలు డేటాకన్నా ఎత్తు. ఒళ్లంతా గొడుగు కింద పెట్టి తల బయట పెట్టినట్టు! ఆంప్లిఫయర్ ఎత్తైన శిఖరాన్ని చూసే భయపడుతుంది, కాబట్టి లాభం పోయింది. త్రీజీపీపీ తర్వాతి విడత ప్రమాణం రిలీజ్ 16లో పైలట్లకు కూడా కొత్త సీక్వెన్సులు తెచ్చి సరిచేశారు.

రెండోది చిన్నది కాదు. ఆ ప్రమాణంలో ఫోన్లు వాడే మామూలు బ్యాండ్లకు పై బై టూ బీపీఎస్‌కే ‘ఆప్షనల్’. చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న మిల్లీమీటర్ వేవ్ బ్యాండ్లలోనే అది తప్పనిసరి. ఆప్షనల్ అనే మాటకు మీ గదిలో ఉన్న అర్థం వేరు, మా రోడ్డు మీద ఉన్న అర్థం వేరు. మీ గదిలో అది రాజీ, రాత్రి పదకొండింటికి అందరూ తీర్మానం మీద సంతకం పెట్టి భోజనానికి వెళ్లడానికి దొరికిన దారి. మా రోడ్డు మీద ఆప్షనల్ అంటే లేదని అర్థం. ఫోను తయారు చేసేవాడు నెట్‌వర్క్‌లో లేదు కదా అని పెట్టడు, నెట్‌వర్క్ వాడు ఫోన్లలో లేదు కదా అని ఆన్ చేయడు. ఎవరి మీదా కోపం అక్కర్లేదు, ఇద్దరి లెక్కా సరైనదే. మధ్యలో మామ్మ అరుస్తూ ఉంటుంది.

మన దేశ టెలికాం ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్‌ఐ దీన్ని తప్పనిసరి చేయాలని పట్టుబట్టి, త్రీజీపీపీ 5జీకి కొన్ని మార్పులు చేసి 5జీఐ పేరుతో ఐటీయూకు పంపింది. 2020 నవంబరులో ఐటీయూ దాన్ని కూడా 5జీ ప్రమాణాల్లో ఒకటిగా గుర్తించింది. దానికన్నా ముందు 2017లో, మన వాళ్లే ‘లో మొబిలిటీ లార్జ్ సెల్’ అనే పరీక్షను ఐటీయూ చేత ఒప్పించారు. 700 మెగాహెర్ట్జ్, టవర్‌కీ టవర్‌కీ 6 కిలోమీటర్ల దూరం, నడిచే మనుషులు, నెమ్మదిగా పోయే బళ్లు. 5జీ అనిపించుకోవాలంటే పల్లెటూరి ఈ పరీక్ష కూడా పాస్ కావాలన్నమాట. నా దృష్టిలో మన దేశం టెలికాం ప్రమాణాల్లో చేసిన మంచి పనుల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది. దీని గురించి ఏ టీవీలోనూ చర్చ జరగలేదు.

5జీఐ విషయంలో మాత్రం ఉన్నమాట చెప్పుకోవాలి. వేరే ప్రమాణం పెడితే ప్రపంచంలోని ఫోన్లు, పరికరాలు మన దగ్గర సరిగ్గా నడవవని, ఖర్చు పెరుగుతుందని ఆపరేటర్లు భయపడ్డారు. ఆ భయం న్యాయమైనదే. నాలుగు కంపెనీల ఫోన్లు బండిలో పెట్టుకుని తిరిగేవాణ్ణి, ఒకే ప్రమాణం ఉన్నప్పుడే అవి ఒకదానికొకటి పొసగవు. చివరికి 2021 డిసెంబరులో 5జీఐని త్రీజీపీపీ రిలీజ్ 17లో కలిపేశారు. కలపడం మంచిదే. ఆ గొడవలో అసలు మాట పక్కకుపోయింది. ‘మన సొంత 5జీ’ కావాలా వద్దా అని అందరూ వాదించుకున్నారు. ఫోను గొంతు రెట్టింపు చేయాలా వద్దా అన్నది ఎవరూ అడగలేదు.

అందుకే మిమ్మల్ని అడిగేది: ఈసారి జెండా గొడవ వద్దు, గొంతు గొడవ చేయండి. 6జీకి మొదటి రోజు నుంచే, అన్ని బ్యాండ్లలో, అన్ని ఫోన్లకూ తక్కువ పీఏపీఆర్ అప్‌లింక్ తప్పనిసరి కావాలి. పైలట్లతో సహా. తర్వాతి రిలీజ్‌లో చూద్దాం అంటే ఆ మొదటి తరం ఫోన్లు మా ఊళ్లలో ఆరేడేళ్లు తిరుగుతాయి. అన్న వాడినది తమ్ముడికి, తమ్ముడిది అమ్మకు వస్తుంది. మీ ‘రిలీజ్ 22’ అమ్మ దగ్గరికి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్క వేసుకోండి.

పాత ఓఎఫ్‌డీఎం దారే నచ్చిందన్నానని, కొత్త వేవ్‌ఫాంల మీద పనిచేసే మీలో కొందరు నొచ్చుకోవచ్చు. నొచ్చుకోకండి. 5జీ ముందు కూడా ఎఫ్‌బీఎంసీ, యూఎఫ్‌ఎంసీ, జీఎఫ్‌డీఎం అని పెళ్లికొడుకులు వరసగా వచ్చారు. అంచులు చక్కగా ఉన్నాయి, అతుకు అవసరం లేదు అన్నారు, అవి నిజమే. కానీ బోలెడు యాంటెన్నాలతో కలిపి చూసేసరికి ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో చిక్కు బయటపడింది. 2016లో సంబంధం మళ్లీ ఓఎఫ్‌డీఎంకే ఖాయమైంది. ఇప్పుడు ఓటీఎఫ్‌ఎస్, ఏఎఫ్‌డీఎం వచ్చాయి. ఓటీఎఫ్‌ఎస్‌ను 2017లో రోనీ హదానీ బృందం బయటపెట్టింది. దాని మీద ఐఐఎస్‌సీలో చొక్కలింగం, ఐఐటీ ఢిల్లీలో సైఫ్ ఖాన్ మొహమ్మద్ లాంటివాళ్లు చేసిన పని ప్రపంచమంతా చదువుతోంది, గర్వంగానే ఉంటుంది. వేగంగా కదిలే వాటికి డాప్లర్ (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ పక్కకు జరగడం) వల్ల సబ్‌క్యారియర్లు ఒకదాని మీదికి ఒకటి జరుగుతాయి, ఓటీఎఫ్‌ఎస్ దాన్ని తట్టుకుంటుంది. ఒప్పుకుంటాను.

నా ప్రశ్నల్లా ఎంత వేగం అని. విశాఖ నుంచి సికింద్రాబాద్ వచ్చే వందే భారత్ 130 కిలోమీటర్ల వేగం అందుకున్నప్పుడు 3.5 గిగాహెర్ట్జ్ మీద డాప్లర్ సుమారు 420 హెర్ట్జ్. 30 వేల హెర్ట్జ్ వెడల్పున్న కాలవలో అది ఒకటిన్నర శాతం కూడా కాదు. ఆ రైల్లో కాల్ తెగితే కారణం డాప్లర్ అని నన్ను ఒప్పించడం కష్టం. ఆ బోగీల గాజు పెట్టే ఇబ్బందే ఎక్కువ. గంటకు 500 కిలోమీటర్లు పోయే రైలు వచ్చినా 1,600 హెర్ట్జ్ చిల్లర. ఉపగ్రహాల దగ్గర మాత్రం లెక్క మారుతుంది. 600 కిలోమీటర్ల ఎత్తులో తిరిగేవాటికి 2 గిగాహెర్ట్జ్ మీద 48 కిలోహెర్ట్జ్ దాకా డాప్లర్ వస్తుంది, కాలవ కన్నా జరుగుడే పెద్దది. కానీ ఉపగ్రహం ఏ దారిన పోతోందో ముందే తెలుసు కాబట్టి ఫోను లెక్క వేసి సర్దుకుంటుంది. రిలీజ్ 17 అదే చేసింది. పైగా అక్కడ కూడా ఆ 200 మిల్లీవాట్ల గొంతుతోనే 600 కిలోమీటర్ల పైకి అరవాలి. తిరిగి తిరిగి మళ్లీ పీఏపీఆర్ దగ్గరికే వచ్చాం చూశారా.

రాడార్‌లా పనిచేసే 6జీకి, డ్రోన్లకు కొత్త వేవ్‌ఫాంలు పనికొస్తాయేమో. పరిశోధన సాగనివ్వండి. సమావేశంలో మాట్లాడే సమయం మన వాళ్లకు దొరికేదే కొంచెం. దాన్నంతా కొత్త పేరుకు ఓటు తేవడానికి పెట్టకండి అనేది నా విన్నపం.

ఇంకొకటి. 2030 నాటి ప్రమాణానికి అర్హత పరీక్షలు ఐటీయూలో రాస్తున్నప్పుడు ఆ 6 కిలోమీటర్ల పల్లె పరీక్షను పోనివ్వకండి. వీలైతే గట్టిపరచండి. డౌన్‌లింక్‌లో సగటు ఎంత అని కాదు, అంచున ఉన్న చివరి ఐదు శాతం మందికి అప్‌లింక్‌లో ఎంత అని అడిగే వరస ఒకటి ఉండాలి. అది పేపర్ మీద ఉంటే, పదేళ్లకైనా మా రిపోర్టు ఫార్మాట్‌లో ఒక కాలమ్ అవుతుంది. కాలమ్ ఉంటే నింపడానికి నేనున్నాను. రిమార్క్స్ గడిలో రాసుకునే బాధ తప్పుతుంది.

ఆ ఊరి లాగ్ ఫైళ్లు అడిగితే ఇవ్వలేను, అవి ఆపరేటర్ సొత్తు. కానీ దారి ఎవరి సొత్తూ కాదు. మీలో ఎవరైనా వస్తానంటే ఒక ఆదివారం నా బండి మీదే తీసుకెళ్తాను. పాడేరు దాకా ఘాట్ రోడ్డు బాగుంటుంది, ఆ తర్వాత పన్నెండు కిలోమీటర్లు కొంచెం ఓపిక పట్టాలి. మీ ఫోనే తెచ్చుకోండి, ఎంత ఖరీదైనదైనా సరే. చింతచెట్టు కింద నిలబడి ఇంటికి ఒక కాల్ చేద్దురుగాని.

ఇట్లు,
ఒక డ్రైవ్ టెస్ట్ ఇంజినీరు,
విశాఖపట్నం